గేదె, ఎనుము, బర్రె: మా పాపకి చదివి వినిపించిన ఇరవై రెండు నెలలు

మా పాప 33వ వారంలోనే పుట్టింది. బరువు 1,680 గ్రాములు. పందొమ్మిది రోజులు పసిపిల్లల ఐసీయూలో, అంటే ఎన్‌ఐసీయూలో ఉంది. నేను తనకి చదివి వినిపించడం మొదలైంది అక్కడే.

నేను మొదటినుంచీ తక్కువ మాట్లాడే మనిషిని. మా నాయన కూడా అంతే, అవసరమైతేనే నోరు తెరిచేవాడు. మాది హిందూపురం దగ్గర పల్లె, నా భార్యది హనుమకొండ, ఉంటున్నది బెంగళూరులో. ఆపరేషన్ అయ్యాక తను ఇంకా మంచం మీదే ఉంది కాబట్టి కంగారూ కేర్‌కి మొదట నన్ను పిలిచారు. కంగారూ కేర్ అంటే చొక్కా గుండీలు విప్పి కూర్చుంటే డైపర్ మాత్రమే ఉన్న పిల్లని మన ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన గుడ్డ చుడతారు. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర్లో ఇంక్యుబేటర్లు చాలక ఒక ఆసుపత్రి డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు మన దగ్గరా చాలాచోట్ల చేయిస్తున్నారు, తండ్రులూ చేయొచ్చు. అరచేతిలో పట్టే తల నా గుండె మీద పెట్టి, సిస్టర్ "మాతాడి సార్, మాతాడి" అంది కన్నడంలో. మాట్లాడండి అని. నాకు మాట రాలేదు. గంటసేపట్లో "అమ్మా", "బంగారూ" అని ఓ ఇరవైసార్లు అని ఉంటాను, అంతే.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే, నాకు సొంతంగా మాటలు రాకపోయినా ఎవరో రాసిపెట్టినవి చదవగలను కదా అనిపించింది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ కూడా తీసుకోవచ్చు. రెండు చిన్న కథలు ప్రింట్ తీసి, వీధి చివర జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను, ఎందుకంటే మామూలు కాగితం లోపలికి తేవద్దన్నారు, లామినేషన్ అయితే శానిటైజర్‌తో తుడిచి తీసుకెళ్లొచ్చు. మర్నాడు అది పట్టుకుని కూర్చున్నాను. గొంతు బాగా తగ్గించి చదవమని సిస్టరే నేర్పింది. అక్కడ శబ్దం 45 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటారట, అంటే దాదాపు గుసగుస కంటే కాస్త ఎక్కువ. ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు ఇప్పటికీ పనికొస్తోంది: పిల్ల వేళ్లు విప్పార్చి చాపినా, ఎక్కిళ్లు వచ్చినా, ఆవలించినా, మొహం తిప్పుకున్నా ఇక చాలని అర్థం, వెంటనే ఆపేయండి అని. మొదటిరోజు నాలుగు నిమిషాలకే వేళ్లు చాపింది. ఆపేశాను. మళ్లీ సాయంత్రం ఐదు నిమిషాలు.

అప్పుడే ఒక విషయం తెలిసి చాలా బాధపడ్డాను. 1986లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. గర్భిణులు చివరి ఆరు వారాలు ఒకే కథని రోజూ పైకి చదివారు, పుట్టాక చూస్తే ఆ పిల్లలు కొత్త కథ కంటే ఆ విన్న కథనే ఇష్టపడ్డారు, ఆ కథ వినబడేలా పాలపీక చప్పరించే తీరు కూడా మార్చుకున్నారు. చివరి ఆరు వారాలు. మా పాపకి లేనివి సరిగ్గా ఆ వారాలే. కడుపులో అమ్మ గొంతు, గుండె చప్పుడు వింటూ ఉండాల్సిన రోజుల్లో మానిటర్ల బీప్‌లు వింటోంది. అందుకని నా భార్య లేచి కూర్చోగలిగిన రోజు నుంచి ఇద్దరం వంతులు వేసుకున్నాం, పొద్దున తను, సాయంత్రం నేను, అవే రెండు కథలు.

డిశ్చార్జి ముందు రోజు చెవి పరీక్ష చేశారు. ఓఏఈ అంటారు, చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి శబ్దం పంపితే లోపలి చెవి నుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని మెషిన్ పట్టుకుంటుంది. రెండు చెవులకీ "రెఫర్" అని వచ్చింది. అంటే పాస్ కాలేదని. చెవిలో పుట్టినప్పటి తెల్లటి పూతో నీరో ఉన్నా ఇలా వస్తుందని, అందుకే మళ్లీ చేస్తారని నాకు తర్వాత తెలిసింది, కానీ ఆ రోజు అక్కడున్న ఒకతను "నెలలు నిండని పిల్లల్లో వినికిడి ప్రాబ్లం ఉంటుంది సార్" అనేసి కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఒక్క వాక్యం మీద మేం ఇరవై ఆరు రోజులు బతికాం. ఇలాంటి చోట పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆ తల్లిదండ్రుల దగ్గర ఇంకో రెండు నిమిషాలు నిలబడండి.

ఆ ఇరవై ఆరు రోజులు ఇంట్లో మేమే పరీక్షలు చేసుకున్నాం. చప్పట్లు కొట్టేవాణ్ని. ఒక అర్ధరాత్రి నా భార్య వంటింట్లో కావాలనే స్టీలు పళ్లెం కింద పడేసింది, పాప కదల్లేదు. తను అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. మర్నాడు తలుపు శబ్దానికి పాప ఉలిక్కిపడితే ఇద్దరం ఏడ్చాం. ఇవేవీ లెక్కలోకి రావని వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు చెప్పారు తర్వాత: బాగా వినబడే పిల్ల కూడా గాఢ నిద్రలో కదలకపోవచ్చు, వినబడని పిల్ల కూడా నేల అదురుకి ఉలిక్కిపడొచ్చు.

మరి చదవడం మానేయాలా? రెండు రోజులు మానేశాను, నిజం. కథ కాగితం చేతిలోకి తీసుకుంటే, ఎవరికి చదువుతున్నాను అనే ప్రశ్న గొంతులో అడ్డం పడేది. మూడో రోజు సాయంత్రం పాప ఎంతకీ ఏడుపు ఆపకపోతే ఆసుపత్రిలోలాగే ఛాతీ మీద వేసుకుని, వేరే ఏమీ తోచక, ఆ మొదటి కథే మొదలుపెట్టాను. చూడకుండానే వచ్చేసింది అప్పటికి. రెండో పేజీ దగ్గర ఏడుపు ఆగింది. చెవికి వినబడిందో, ఛాతీలోంచి నా గొంతు అదురు తెలిసిందో నాకు తెలీదు, ఆ క్షణాన అది అవసరం అనిపించలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా మానలేదు.

తర్వాత బెరా పరీక్ష అయింది. నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి, పిల్ల నిద్రలో ఉండగా శబ్దానికి నరం ఎలా స్పందిస్తోందో చూస్తారు. ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లలకి ఓఏఈ ఒక్కటే సరిపోదు, ఈ రకం పరీక్ష కూడా ఉండాలి, ఇది గట్టిగా చెప్తున్నాను. రెండు చెవులూ నార్మల్. ఆడియాలజిస్టు మేడం ఓ కాగితం మీద 1, 3, 6 అని రాసిచ్చారు: నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల లోపు అసలు సమస్య ఉందో లేదో తేలడం, ఉంటే ఆరు నెలల లోపు చికిత్స మొదలవడం. మీ ఇంట్లో చంటిపిల్లలుంటే ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి.

అక్కణ్నుంచి అసలు చదువు. మొదటి రెండు మూడు నెలల్లో పిల్లలకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది, లేత రంగుల కంటే నలుపు తెలుపు బాగా తెలుస్తాయి. షాపులో బ్లాక్ అండ్ వైట్ కార్డులు దొరికాయి గానీ, మా అమ్మ వాటిని చూసి "ఇవేంరా, నేను ముగ్గు గీసిస్తా ఉండు" అని తెల్ల అట్టల మీద నల్ల మార్కర్‌తో చుక్కల ముగ్గులు వేసిచ్చింది. ఏడు చుక్కల ముగ్గు, తాబేలు ముగ్గు, చేప ముగ్గు. మా పాప మొదటి పుస్తకం అవే. చేప ముగ్గుని రెండు నిమిషాలు రెప్ప వేయకుండా చూసేది, నేను "చేప, ఇదిగో తోక, ఇదిగో కన్ను" అని వేలు పెట్టి చూపించేవాణ్ని. మాటలు రాని నాకు వేలితో చూపించి చెప్పడం వచ్చింది.

ఇక్కడ వయసు లెక్క ఒకటి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రెండేళ్లదాకా ఎన్ని వారాలు ముందు పుట్టారో అన్ని వారాలు తీసేసి లెక్క చూడాలి. మాకు ఏడు వారాలు. ఇది బంధువులకి అర్థం చేయించడం చాలా కష్టం. "మా మనవడు ఆరో నెలకే..." అని మొదలుపెట్టే ప్రతి ఫోన్‌కాల్ తర్వాత నా భార్య ముభావంగా అయిపోయేది.

నాలుగైదు నెలలు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. పుస్తకం కనబడితే నోట్లోకే. తెలుగులో మంచి బొమ్మల పుస్తకాలు లేక కాదు, సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి, చెన్నై తులికా వాళ్ల రెండు భాషల పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టువి చాలా తెప్పించాను. కానీ చంటిపిల్లలు నమిలినా తట్టుకునే మందపాటి అట్ట పుస్తకాలు తెలుగులో వెతికి పట్టుకోవాల్సి వస్తుంది. మామూలు పల్చటి పుస్తకాల్లో మధ్యలో స్టేప్లర్ పిన్నులుంటాయి. ఒకరోజు పాప పిడికిట్లో పిన్ను ఊడిపోయి కనిపించింది, నా ప్రాణం పోయినంత పనైంది. ఆ రాత్రే అన్ని పుస్తకాల పిన్నులూ పీకేసి, మా అమ్మతో దబ్బనంతో దారం కుట్టించాను. మీరూ ఆ పని మొదటే చేయండి. చెప్పాలంటే నోట్లో పెట్టుకోవడం తప్పు కూడా కాదు, ఆ వయసులో వాళ్లు దేన్నైనా తెలుసుకునేది అలాగే. నమలడానికి ఒకటి చేతికిచ్చి, చదవడానికి ఇంకోటి నేను పట్టుకునేవాణ్ని.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది మాత్రం భాష గురించి. పుస్తకం భాష వేరు, మా ఇంటి భాష వేరు. "ఏనుగు నది ఒడ్డుకు చేరుకుంది" అని చదువుతాను, కానీ ఈ ఇంట్లో ఎవరూ "చేరుకుంది" అనరు. మొదట్లో అక్షరం పొల్లుపోకుండా చదివేవాణ్ని. ఒకసారి గేదె బొమ్మ వచ్చింది. కింద గేదె అనే ఉంది. నేను గేదె అన్నాను. పక్కనే ఉన్న మా అమ్మ "ఎనుమును పట్టుకోని గేదె అంటాండావేంరా" అంది. ఆ తర్వాతి నెల మా అత్తగారు వచ్చారు, నాతో నేరుగా ఏమీ అనకుండా పాప వైపు తిరిగి "గేదె కాదు బిడ్డా, బర్రె. బర్రె అనాలె" అన్నారు. పగలు పాపని చూసుకోవడానికి వచ్చే కన్నడ అక్కకి అది ఎమ్మె. నాలుగు మాటలు, ఒకటే నల్లటి జంతువు. పిల్ల అయోమయంలో పడుతుందేమో అని టెన్షన్ పడి పిల్లల డాక్టరుని అడిగితే, ఆవిడ "ఎవరి మాట వాళ్లని చెప్పనివ్వండి, పిల్లలు సర్దుకుంటారు" అన్నారు. దాంతో రూలు మార్చేశాను. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల భాష. నేను కూడా అక్షరాలు వదిలేసి బొమ్మ చూసి నా మాటల్లో చెప్పడం మొదలుపెట్టాను, పాట లాగా సాగే వాక్యాలు మాత్రం ఉన్నవున్నట్టు చదువుతాను, ఎందుకంటే ఆ లయ కోసమే తను ఒళ్లో ఊగుతుంది.

ఆ రోజుల్లోనే 1984 నాటి ఒక పరీక్ష గురించి చదివాను. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనేవాళ్లు ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలకి హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా సులువుగా పట్టుకున్నారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి అదే తేడా దాదాపు వినడం మానేశారు, ఎందుకంటే ఇంట్లో వాళ్లకి దాని అవసరం లేదు. త, ట! మనం రోజూ "తాత", "టపటప" అని వేరువేరుగా పలికేవి. చదవగానే డాలస్‌లో ఉన్న మా వదినకి ఫోన్ చేశాను, తను అప్పుడు రెండోసారి గర్భంతో ఉంది. పెద్దవాడు ళ, ణ పలకడానికి తంటాలు పడతాడని బాధపడుతూ ఉండేది. వీడియోలు పెడతాలే మరిది అంది. అప్పుడు ఇంకో ప్రయోగం చెప్పాను: 2003లో సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి పన్నెండుసార్లు మాండరిన్ వినిపించింది, కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని చదివి ఆడించి, కొందరికి అదే మనిషిని టీవీలో చూపించి. మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ శబ్దాలు నేర్చారు. టీవీ వాళ్లు ఏమీ నేర్చుకోలేదు. ఇప్పుడు వదిన రోజూ పడుకునే ముందు ఇద్దరినీ చెరో పక్కన వేసుకుని తెలుగు పుస్తకం చదువుతోంది.

మా ఇంట్లో కూడా ఫోన్ గొడవ జరిగింది. రైమ్స్ పెడితే అన్నం తింటుంది కదా అని అందరూ అన్నారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ వద్దంటుంది, కుటుంబంతో వీడియో కాల్ తప్ప. మేం ఆ ఒక్కటే ఉంచుకున్నాం. మా అమ్మ ఊరికి వెళ్లిపోయాక సాయంత్రం ఆరున్నరకి వీడియో కాల్‌లో "జేజి కథ". పుస్తకం ఇక్కడ నా చేతిలో, కథ అక్కడ జేజి నోట్లో, నేను పేజీలు తిప్పుతుంటాను. మా అమ్మకి చదవడం రాదు. బొమ్మ చూపిస్తే చాలు, పుస్తకంలో లేని కథ పది నిమిషాలు చెప్తుంది, నాకు అసూయ పుట్టేంత బాగా.

సరిచేసిన వయసు ప్రకారం ఏడో నెలలో "తతత", "బబబ" మొదలైంది. మా మామగారు నన్నే పిలిచిందని స్వీట్లు పంచారు. పెదాలు, నాలుక ముందు పలికించేవి ఆ శబ్దాలే, మన తాత, అత్త, అమ్మ, అబ్బ అన్నీ వాటితోనే ఉన్నాయి. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం, "కాకి ఏదీ?" అని అడిగాను, రోజూ అడిగేదే, అడిగి కాసేపు ఆగి నేనే చూపించేవాణ్ని. ఆ రోజు పాప తల తిప్పి కాకి బొమ్మ వైపు చూసింది. నేను పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చి, అడిగాను. మళ్లీ కాకి వైపే. నా భార్యని కేకేశాను. తను వచ్చి అడిగింది, "కాకి ఏది బిడ్డా?" మళ్లీ. కొన్ని నెలలపాటు మేం పోసిన మాటలు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి.

ఆగడం గురించి ఒక మాట. నాకు ఇందులో అన్నిటికంటే పనికొచ్చింది అదే. చదువుకుంటూ పోతే పిల్లకి చోటుండదు. ఒక వాక్యం చదివి, ఐదు అంకెలు మనసులో లెక్కపెట్టి, తన మొహం చూసేవాణ్ని. "ఊఁ" అన్నా, కాలు ఆడించినా, బొమ్మ మీద చెయ్యి కొట్టినా అది జవాబే, దానికి నేను మళ్లీ జవాబు చెప్పాలి. పది పేజీల పుస్తకం ఎప్పుడూ పూర్తవ్వదు. ఒకే పేజీ దగ్గర పావుగంట కూర్చున్న రోజులున్నాయి. అదే పుస్తకం వరుసగా తొమ్మిదిసార్లు చదివిన రోజులూ ఉన్నాయి, మనకి విసుగొస్తుంది, వాళ్లకి రాదు, వాళ్ల కోసం ఓపిక పట్టండి.

మొదటి మాట పన్నెండు నెలలు దాటాక వచ్చింది. "కాకా." కిటికీ బయట నిజం కాకిని చూసి అంది, పుస్తకంలో కాకిని చూసి కాదు. ఆ తర్వాత చాలా నెలలు నత్తనడక, పద్దెనిమిదో నెలలో పదీ పన్నెండు మాటలు ఉన్నాయేమో, ఈ మధ్య ఒక్కసారిగా పెరిగాయి. చదవడం వల్లే ఇదంతా వచ్చిందా అంటే నేనలా అనను. ఇంట్లో ఇంతమంది మనుషులున్నారు, ప్రతి ఒక్కరూ మాట్లాడేవాళ్లే. కానీ నాకూ మా పాపకీ మధ్య ఉన్న మాటలన్నీ ఆ పుస్తకాల్లోంచి వచ్చినవే, అది మాత్రం ఖాయంగా చెప్పగలను.

గేదెని ప్రస్తుతానికి "ఎమ్మె" అంటోంది. పగలంతా గడిపేది ఆ అక్కతోనే కదా. మా అమ్మ కాల్‌లో "ఎనుము అనవే తల్లీ" అని రోజూ అడుగుతోంది, పాప నవ్వి "ఎమ్మె" అంటోంది.

నిన్న రాత్రి పడుకోబెడుతూ దారం కుట్టిన పాత పుస్తకం తీశాను. మూల నమిలేసి మెత్తబడిపోయింది. మొదటి వాక్యం చదవబోతే చెయ్యి ఎత్తి నా నోరు మూసేసింది. పుస్తకం లాక్కుని, తలకిందులుగా పట్టుకుని, వేలు పెట్టి, "కాకా... తుయ్... పోయ్!" అంది. తర్వాత ఆగి, తలెత్తి నా మొహం చూసింది. నేను "ఊఁ" అన్నాను. పేజీ తిప్పింది.